బండి కిందికి దించారా? క్యాంబర్ ప్లేట్లు కొనేముందు ఆర్మ్ వాలు చూడండి

నమస్తే అండి. ముందుగా స్క్రీన్ మీద రెండు చూపిస్తాను. ఎడమ పక్కన ఉన్నది అలైన్‌మెంట్ రిపోర్ట్. క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం వాలిన కోణం), క్యాస్టర్ (పక్క నుంచి చూస్తే చక్రం తిరిగే అక్షం వాలిన కోణం), టో (పై నుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగిన కోణం), అన్ని గళ్లూ ఆకుపచ్చగానే ఉన్నాయి. కుడి పక్కన ఉన్నది అదే బండి ముందు టైరు. బయటి సగం దాదాపు కొత్తదానిలా ఉంది. లోపలి అంచు మాత్రం నున్నగా అరిగిపోయి, లోపలి తీగలు బయటపడేదాకా వచ్చింది. ఈ బండికి స్ప్రింగులు మార్చి 40 మిల్లీమీటర్లు కిందికి దించారు. దించిన రోజే అలైన్‌మెంట్ కూడా చేయించారు. ఇప్పుడు ఓనర్ అడుగుతున్నది ఒకటే, "క్యాంబర్ ప్లేట్లు (క్యాంబర్ కోణాన్ని సర్దుకోవడానికి పైన బిగించే ప్లేట్లు) వేయిస్తే సరిపోతుందా?" అని.

నేను కాస్త ఆగమంటాను. ఆ రిపోర్ట్‌లో తప్పేం లేదు, కాకపోతే అది నిలబడి ఉన్న బండి లెక్క. టైరు అరిగేది నడిచే బండి కింద. గతుకులో పడి చక్రం పైకి లేచినప్పుడు, బ్రేకు కొడితే ముక్కు కిందికి వాలినప్పుడు, మలుపులో ఒక పక్కకి ఒరిగినప్పుడు కోణాలు ఎంత మారుతున్నాయో ఆ కాగితం చెప్పదు. బండి దించితే చెడేది ముఖ్యంగా అదే. క్యాంబర్ ప్లేటు కాగితం మీది అంకెను మార్చగలదు. ఆర్మ్, అంటే చక్రాన్ని బండి అడుగుకి కలిపే కింది చెయ్యి, దాని వాలును మార్చలేదు. ఈ వీడియో అంతా ఆ వాలు గురించే.

టైరు దగ్గరికి వద్దాం. అరుగుదల చూడగానే క్యాంబర్ అనేయకండి. అరచేతిని ట్రెడ్ మీద అడ్డంగా, లోపలి నుంచి బయటికి ఒకసారి, బయటి నుంచి లోపలికి ఒకసారి మెల్లగా రాయండి. బొటనవేలు వద్దు, నాలుగు వేళ్లూ ఆనించండి. తీగలు బయటపడ్డ చోట మాత్రం చెయ్యి పెట్టకండి, గుచ్చుకుంటాయి. ఒక వైపు వెళ్తే నున్నగా జారి, రెండో వైపు వస్తే బ్లాకుల అంచులు వేళ్లకు పట్టుకుంటుంటే అది టో చేసిన పని. రెండు వైపులా ఒకేలా నున్నగా ఉండి, లోపలి భుజం మాత్రమే పలచబడితే అందులో క్యాంబర్ వాటా ఎక్కువ. ఈ టైరు మీద నా వేళ్లు గట్టిగానే పట్టుకుంటున్నాయి. అంటే ప్రధాన దోషి టో. క్యాంబర్ చేసిందల్లా ఆ అరుగుదలను లోపలి అంచుకి నెట్టడం.

టో ఎంత మొండిదో ఒక లెక్క చెబుతాను. టైరు వ్యాసం 600 మిల్లీమీటర్లు అనుకుందాం. ఒక్కో చక్రం ముందు అంచు, వెనక అంచు మధ్య తేడా 3 మిల్లీమీటర్లు ఉందనుకుందాం. ఆరువందల్లో మూడు, అంటే 200లో ఒక వంతు. ఆ చక్రం చూసే దిక్కు వేరు, బండి వెళ్లే దిక్కు వేరు. కాబట్టి ప్రతి కిలోమీటరుకీ టైరు 5 మీటర్లు పక్కకి ఈడ్చుకుంటూ పోతున్నట్టు లెక్క. వెయ్యి కిలోమీటర్లు తిరిగితే 5 కిలోమీటర్ల ఈడ్పు. కోణంగా చూస్తే అది 0.3 డిగ్రీ కూడా లేదు. అదే 0.3 డిగ్రీ క్యాంబర్ మారితే టైరుకు తెలియను కూడా తెలియదు. అందుకే దించిన బండిలో నేను ముందు వెతికేది టో ఎక్కడ కదులుతోందా అని.

మరి రిపోర్ట్‌లో టో సరిగ్గానే ఉందిగా, ఎలా కదిలింది? అది తెలియాలంటే కింద ఆర్మ్ చూడాలి.

చిన్న, మధ్య తరహా కార్లలో చాలావాటికి ముందు వైపు మాక్‌ఫర్సన్ స్ట్రట్ ఉంటుంది. ఎర్ల్ మాక్‌ఫర్సన్ అనే ఇంజినీరు 1940లలో జనరల్ మోటార్స్‌లో ఒక చిన్న కారు ప్రాజెక్ట్ మీద పనిచేస్తూ దీన్ని ఆలోచించారు. ఆ కారు మార్కెట్లోకి రాలేదు. ఆయన ఫోర్డ్‌కి మారాక, 1950లో వచ్చిన కాన్సల్, జెఫిర్ కార్లలో ఈ పద్ధతి జనం ముందుకొచ్చింది. కింద ఒక ఆర్మ్, పైన స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన నిలువు కాలు), అంతే. తక్కువ చోటు, తక్కువ భాగాలు కాబట్టే ఇంతగా పాకింది. అయితే పైన రెండో ఆర్మ్ లేదు. చక్రం పైకీ కిందికీ ఆడేటప్పుడు క్యాంబర్ ఎటు పోవాలో నిర్ణయించేది ఆ కింది ఆర్మ్, స్ట్రట్‌తో చేసే కోణమే.

ఫ్యాక్టరీ ఎత్తులో ఆర్మ్ బయటి చివర, అంటే చక్రం వైపు కీలైన బాల్ జాయింట్ దగ్గర, సాధారణంగా కాస్త కిందికి వాలి ఉంటుంది. ఆర్మ్‌కీ స్ట్రట్‌కీ మధ్య కోణం అప్పుడు 90 కంటే తక్కువ. చక్రం పైకి లేస్తే బాల్ జాయింట్ పైకీ, కొంచెం బయటికీ కదులుతుంది. చక్రం అడుగు భాగం బయటికి వెళ్తుంది, నెగెటివ్ క్యాంబర్, అంటే చక్రం పై భాగం లోపలికి వాలడం, పెరుగుతుంది. మలుపులో మనకు కావలసిందీ అదే. ఆ కోణం 90 దగ్గరికి వచ్చేకొద్దీ ఈ లాభం తగ్గుతూ పోతుంది. 90 దాటిందంటే వెనక్కి తిరుగుతుంది. అక్కడి నుంచి చక్రం ఎంత పైకి లేస్తే అంత పాజిటివ్ వైపు పోతుంది. బండి దించడమంటే ఆ 90కి మీరే దగ్గరగా తీసుకెళ్లి కూర్చోబెట్టడం.

ఈ బండి ఆర్మ్ పొడవు, లోపలి బుష్ (ఆర్మ్‌ని బండికి కలిపే చోట ఉండే రబ్బరు కీలు) నుంచి బాల్ జాయింట్ దాకా, 350 మిల్లీమీటర్లు అనుకుంటే 40 మిల్లీమీటర్లు దించినందుకు దాని వాలు దాదాపు 6.5 డిగ్రీలు మారింది. ఇప్పుడు లిఫ్ట్ మీద కాకుండా, చక్రాల మీద నిలబెట్టి కింద నుంచి చూపిస్తున్నాను, గమనించండి. ఆర్మ్ బయటి చివర లోపలి చివర కంటే పైకి ఉంది. దించిన బండిని కొనేటప్పుడైనా, మీ బండినైనా ఇలా చూడండి. లిఫ్ట్ మీద ఎత్తితే చక్రాలు వేలాడి అన్ని ఆర్మ్‌లూ కిందికే వాలి కనిపిస్తాయి, ఏమీ తెలియదు.

ఇందులో ఇంకో నష్టం ఉంది, దాన్ని కంటితో చూడలేం. రోల్ సెంటర్ అని ఒక బిందువు ఉంటుంది. మలుపులో బండి ఒరిగేది దాని చుట్టూ. ఆర్మ్ గీతనూ, స్ట్రట్ పై చివర నుంచి స్ట్రట్‌కి లంబంగా గీసిన గీతనూ పొడిగిస్తే ఒక చోట కలుస్తాయి. అక్కడి నుంచి టైరు నేలను తాకే చోటికి గీత గీస్తే, అది బండి మధ్య రేఖను ఎక్కడ కోస్తుందో అదే రోల్ సెంటర్. బండి 40 మిల్లీమీటర్లు దిగితే బరువు కేంద్రం కూడా దాదాపు అంతే దిగుతుంది. రోల్ సెంటర్ మాత్రం దానికంటే ఎక్కువ దిగుతుంది. ఆర్మ్ బాగా పైకి వాలితే నేల కిందికి కూడా పోతుంది. ఈ రెండు బిందువుల మధ్య దూరం పెరిగిందంటే, అదే మలుపు, అదే వేగం, బండిని ఒరిగించే బలం ఎక్కువ. స్ప్రింగులు గట్టివి వేసినా బండి అనుకున్నంత నిటారుగా ఉండకపోవడానికి కారణం ఇదే. అప్పుడు ఇంకా గట్టి స్ప్రింగు, ఇంకా లావు యాంటీ రోల్ బార్ (బండి ఒరగకుండా రెండు పక్కలనూ కలిపే కడ్డీ) అంటూ పోతారు. ఒళ్లు హూనం చేసే ప్రయాణం తప్ప మిగిలేదేం ఉండదు.

కాబట్టి నా వరకు మొదటి భాగం ఇది. చేతిలో చూపిస్తున్నాను. దీన్ని రోల్ సెంటర్ బాల్ జాయింట్ అంటారు, కొందరు ఎక్స్‌టెండెడ్ బాల్ జాయింట్ అంటారు. పక్కన ఒరిజినల్ పెట్టాను, తేడా చూడండి. గోళం, కప్పు రెండూ అలాంటివే. గోళం నుంచి బయటికొచ్చే కడ్డీ, అంటే స్టడ్, మాత్రం పొడవు. నకిల్‌కీ (చక్రపు హబ్‌ను పట్టుకునే లోహపు భాగం) ఆర్మ్‌కీ మధ్య దూరం పెంచుతుంది, అంటే బండి ఎత్తు ముట్టుకోకుండా ఆర్మ్ బయటి చివరను కిందికి తోస్తుంది. స్టడ్ 25 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవు ఉంటే, అదే 350 మిల్లీమీటర్ల ఆర్మ్ మీద 4 డిగ్రీలకు పైగా వెనక్కి వస్తుంది. 6.5లో 4 తిరిగొచ్చిందంటే పెద్ద విషయం. మిగతా రెండున్నర కోసం ఇంకా పొడవైన స్టడ్ వెతకను. ఎందుకంటే స్టడ్ ఎంత పొడవుంటే దాని మెడ దగ్గర వంచే బలం అంత ఎక్కువ. 40 బదులు 25 దించుకుంటే ఆ లెక్క అసలు ఉండదు, అది ఇంకా మంచి దారి.

ఈ భాగం విషయంలో చౌక చూసుకోకండి. బాల్ జాయింట్ స్టడ్ విరిగితే కింది ఆర్మ్ నకిల్‌ని వదిలేస్తుంది. చక్రం ఫెండర్‌లోకి మడుచుకుపోతుంది, స్టీరింగ్ మీ చేతిలో ఉండదు. పాత జాయింట్‌కి ముక్క వెల్డింగ్ చేసి పొడవు పెంచినవి కూడా కనబడుతుంటాయి. వాటిని చేత్తో కూడా ముట్టుకోవద్దు. ఫోర్జ్ చేసిన స్టడ్ కావాలి, మీ బండి నకిల్ టేపర్‌కి, అంటే అందులో సన్నబడుతూ పోయే రంధ్రానికి, సరిగ్గా కూర్చోవాలి. టేపర్ మీద నూనె, తుప్పు, పెయింట్ లేకుండా తుడవండి. కాసిల్ నట్ (పిన్ను పట్టడానికి పైన గాళ్లుండే నట్) ఉంటే, చెప్పిన టార్క్‌కి బిగించాక పిన్ను రంధ్రం కలవకపోతే తర్వాతి గాడికి ఇంకాస్త బిగించండి. వెనక్కి వదులు చేసి కలపకండి. నైలాన్ లాక్‌నట్ అయితే కొత్తది వేయండి.

ఒక చిక్కు ముందే చెప్పాలి. ఆర్మ్ చివర కిందికి రావడంతో అది రిమ్ లోపలి అంచుకి దగ్గరవుతుంది. చిన్న రిమ్ముల్లో తగలొచ్చు. జాయింట్ బిగించాక చక్రం పెట్టి, స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి, చేత్తో చక్రాన్ని పూర్తిగా ఒక చుట్టు తిప్పి చూడండి. రిమ్‌కి బ్యాలెన్స్ వెయిట్ లోపల అంటించి ఉంటే దానితో సహా.

ఇప్పుడు చాలామంది మరిచిపోయే భాగం, టై రాడ్ ఎండ్. స్టీరింగ్ నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ టై రాడ్, దాని బయటి చివరి కీలు ఇది. ఆర్మ్ ఒక చాపం గీస్తూ తిరుగుతుంది. టై రాడ్ ఇంకో చాపం గీస్తూ తిరుగుతుంది. ఫ్యాక్టరీ వాళ్లు ఈ రెండు చాపాలనూ తమ ఎత్తు దగ్గర దాదాపు కలిసి నడిచేలా పెడతారు. అక్కడ చక్రం పైకీ కిందికీ ఆడినా టో పెద్దగా మారదు. బండి దించాక రెండూ తమకు నప్పని చోట తిరుగుతుంటాయి. అప్పుడు చక్రం కాస్త కదిలితే చాలు, మీరు స్టీరింగ్ ముట్టుకోకుండానే చక్రం తనంతట తాను పక్కకి తిరుగుతుంది. దీన్నే బంప్ స్టీర్ అంటారు. గతుకు రోడ్డు మీద బండి అటూ ఇటూ వెతుక్కుంటూ పోతుంటే, చేతులు ఊరికే సరిచేస్తూనే ఉండాల్సి వస్తుంటే అది ఇదే.

ఇప్పుడు ఇందాకటి ప్రశ్నకు జవాబు దొరికింది. స్ప్రింగులు మార్చిన రోజున బండి పూర్తిగా కిందికి కూర్చోదు. మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో ఇంకో కొన్ని మిల్లీమీటర్లు దిగుతుంది. ఫ్యాక్టరీ ఎత్తులో అయితే ఆ కొన్ని మిల్లీమీటర్లకు టో కదిలేది కాదు. ఈ ఎత్తులో కదులుతుంది. అలైన్‌మెంట్ చేసినవాళ్లు ఆ రోజు సరిగ్గానే పెట్టారు. తర్వాత బండి దిగింది, టో మారింది, టైరు పోయింది. దీనికి తోడు బుష్‌లు కూడా ఒక చెయ్యి వేశాయి, దానికి కాసేపట్లో వస్తాను.

బాల్ జాయింట్ ఒక్కటే మార్చి టై రాడ్ అలాగే వదిలేస్తే పరిస్థితి ఇంకా చెడవచ్చు. ఎందుకంటే ఆర్మ్‌ని పాత వాలు వైపు తెచ్చారు, టై రాడ్ మాత్రం కొత్త వాలులోనే ఉండిపోయింది. రెండు చాపాలూ మరింత దూరమయ్యాయి. అందుకే ఈ రెండింటినీ జతగా కొనండి. బంప్ స్టీర్ టై రాడ్ ఎండ్ కూడా ఇలాగే పొడవు స్టడ్‌తో వస్తుంది. కొన్నిటిలో గోళాకార బేరింగ్ కింద స్పేసర్ వాషర్లు వేసి ఎత్తు సర్దుకునే వీలుంటుంది. నాకు ఆ రకం ఇష్టం, ఎందుకంటే ప్రతి బండి దిగిన ఎత్తు ఒకేలా ఉండదు.

కొలవడం కష్టమేం కాదు. ఓపిక కావాలి. స్ట్రట్‌లోంచి స్ప్రింగు తీసేసి, స్ట్రట్ ఒక్కటే బిగించాలి. స్టీరింగ్ కదలకుండా కట్టేయాలి. బండి గట్టి స్టాండ్ల మీద ఉండాలి, జాక్ మీద మాత్రం వద్దు. హబ్‌కి చదునైన పలకను బిగించి, దాని ముందు అంచు దగ్గర ఒక డయల్ గేజ్, వెనక అంచు దగ్గర ఒకటి పెట్టండి. హబ్ కింద చిన్న జాక్‌తో మీ నడిచే ఎత్తుకి తెచ్చి, అక్కడి నుంచి 10 మిల్లీమీటర్ల చొప్పున పైకి కొంత, కిందికి కొంత కదుపుతూ రెండు గేజ్‌ల తేడా రాసుకోండి. తేడా పెరగకుండా ఉంటే టో కదలడం లేదన్నట్టు. స్క్రీన్ మీద రెండు గ్రాఫులు పెట్టాను. పైది స్పేసర్ వేయకముందు, గీత ఒక పక్కకి పడుకుంది. కిందిది స్పేసర్లు సర్దాక, మధ్య భాగం దాదాపు నిటారుగా నిలబడింది. ఆ మధ్య భాగమే ముఖ్యం, రోడ్డు మీద చక్రం ఎక్కువసేపు ఆడేది అక్కడే. స్ప్రింగు తీయడానికి కంప్రెసర్ వాడటం అలవాటు లేకపోతే దయచేసి చేయి తిరిగిన మెకానిక్‌తో చేయించండి. నొక్కి పట్టిన స్ప్రింగు జారితే ప్రాణం మీదికొస్తుంది.

సరే, బుష్‌లు. దించిన బండ్లలో ఒక్క రూపాయి ఖర్చు లేకుండా బాగుచేయగలిగినది ఇదొక్కటే, అయినా చేసేవాళ్లు తక్కువ. ఫ్యాక్టరీ రబ్బరు బుష్‌ని కోసి చూపిస్తున్నాను. మధ్యలో ఇనుప గొట్టం, బయట ఇంకో గొట్టం, రెంటికీ అతుక్కుని మధ్యలో రబ్బరు. బోల్ట్ బిగించగానే లోపలి గొట్టం సబ్‌ఫ్రేమ్‌కి (ఆర్మ్‌లు బిగించే ఫ్రేమ్) బిగుసుకుపోతుంది, అది తిరగదు. ఆర్మ్ కదిలినప్పుడల్లా మెలి తిరిగేది రబ్బరే. అంటే బోల్ట్ బిగించిన క్షణంలో ఆర్మ్ ఎక్కడుందో అదే రబ్బరుకి విశ్రాంతి స్థానం.

ఇప్పుడు ఆలోచించండి. స్ప్రింగు మార్చేటప్పుడు ఆర్మ్ బోల్ట్ విప్పలేదనుకోండి, రబ్బరు రోజంతా 6.5 డిగ్రీలు మెలి తిరిగే ఉంటుంది. విప్పి, చక్రాలు గాల్లో వేలాడుతుండగా మళ్లీ బిగించారనుకోండి, అది ఇంకా ఘోరం. వేలాడే స్థానానికీ నడిచే ఎత్తుకీ 100 మిల్లీమీటర్ల తేడా ఉంటే మెలిక 16 డిగ్రీలకు పైనే. ఆ రబ్బరు ఒక స్ప్రింగులా పనిచేసి బండిని కొద్దిగా పైకి తోసి పట్టుకుంటుంది. మెల్లగా చీలిపోతుంది, బండి ఇంకా దిగుతుంది, టో మళ్లీ మారుతుంది. ఈ బండిలో ఎడమ ఆర్మ్ వెనక బుష్ చూడండి. టార్చి వేస్తున్నాను. రబ్బరు అంచున నెలవంకలా చీలిక, అందులోకి స్క్రూడ్రైవర్ కొన దూరుతోంది.

చేయాల్సింది ఇంతే. బండిని నాలుగు చక్రాల మీద, కొత్త ఎత్తులో నిలబెట్టాలి. నాలుగు చక్రాలూ సమంగా ఎక్కే ర్యాంప్ గానీ, గుంత గానీ ఉండాలి. ఆర్మ్ లోపలి బోల్టులు వదులు చేసి, బండిని నాలుగైదు సార్లు నొక్కి వదిలి, ముందుకీ వెనక్కీ కొంచెం దొర్లించి, అప్పుడు టార్క్ రెంచ్‌తో బిగించాలి. యాంటీ రోల్ బార్ లింకులకూ ఇదే నియమం. దించాక ఆ ఎత్తుకి పాత లింకులు మరీ పొడవైపోతాయి, బార్ తప్పు కోణంలో కూర్చుంటుంది. పొడవు సర్దుకునే లింకులు వేసి, డ్రైవర్ సీట్లో మనిషి కూర్చుని ఉండగా రెండు వైపులా బార్ మీద ఒత్తిడి లేకుండా అమర్చండి.

కొత్త బుష్‌లే వేస్తామంటే పాలీయురేథేన్ గురించి అడుగుతారు. పాలీ బుష్‌లో రబ్బరులా అతుకు ఉండదు, లోపలి గొట్టం చుట్టూ తిరుగుతుంది. కాబట్టి ఎత్తు మారినా మెలిక బాధ లేదు, బ్రేకు కొట్టినప్పుడు ఆర్మ్ వెనక్కి పోదు. గ్రీజు సరిగ్గా పెట్టకపోతే కిర్రు కిర్రుమంటుంది. ఎల్ ఆకారపు ఆర్మ్‌లకు ముందు బుష్ పాలీ వేసినా, వెనక బుష్ ఆలోచించి వేయండి. కొన్ని డిజైన్లలో అది ఒకే అక్షం మీద కాకుండా రెండు మూడు దిక్కుల్లో వంగాలి, గట్టి పాలీ అక్కడ పట్టేస్తుంది. గోళాకార బేరింగులు ఇంకా కచ్చితం, కానీ దుమ్ము, నీళ్లు పడితే త్వరగా ఆట వచ్చి టకటకమంటాయి. రోజూ తిరిగే బండికి నేను మంచి గట్టి రబ్బరే వేస్తాను. ట్రాక్ మీదికెళ్లే బండి అయితే వేరే సంగతి.

ఇవన్నీ అయ్యాక క్యాంబర్ సంగతి. ఇప్పుడు కొలిస్తే కొన్ని బండ్లకు అసలు సర్దుబాటు అక్కర్లేని అంకె రావచ్చు. కావాలంటే రెండు దారులు. ఒకటి క్యాంబర్ బోల్ట్. స్ట్రట్‌ని నకిల్‌కి బిగించే రెండు బోల్టుల్లో ఒకదాని స్థానంలో సన్నని, మధ్యలో గుడ్డులా ఉబ్బిన బోల్ట్ వేస్తారు. దాన్ని తిప్పితే నకిల్ లోపలికో బయటికో వంగుతుంది. సాధారణంగా ఒకటి, ఒకటిన్నర డిగ్రీ దాకా దొరుకుతుంది. సన్నని బోల్ట్ అని భయపడేవాళ్లున్నారు. సుబారు ఇంప్రెజాలో పై బోల్ట్ ఫ్యాక్టరీ నుంచే ఈ రకం వస్తుంది. పట్టి ఉంచేది రెండు లోహాల మధ్య రాపిడే కాబట్టి ఆ ముఖాల మీద మట్టి, తుప్పు ఉండకూడదు, టార్క్ తప్పకూడదు. ఏ రంధ్రంలో వేయాలో తయారీదారు కాగితంలో ఉన్నదే పాటించండి. దీంతో నెగెటివ్ పెంచితే టైరు పై భాగం స్ట్రట్ వైపు వాలుతుంది, మధ్యలో వేలు దూరే ఖాళీ అయినా ఉందేమో చూడండి.

రెండోది క్యాంబర్ ప్లేటు. స్ట్రట్ పై చివరనే లోపలికి జరుపుతుంది. టైరుకీ స్ట్రట్‌కీ మధ్య ఖాళీ మారదు, కానీ స్ప్రింగు వెళ్లి టవర్ (స్ట్రట్ పై చివర బిగించే బాడీ భాగం) అంచుకి తగలొచ్చు. ప్లేటు మీది గీతలు డిగ్రీలు కావు, గుర్తు కోసం మాత్రమే. కొనేటప్పుడు స్ప్రింగు తిరగడానికి విడిగా బేరింగ్ ఉందో లేదో అడగండి. లేకపోతే స్టీరింగ్ తిప్పినప్పుడల్లా స్ప్రింగు మెలి తిరిగి టంగుమని వదులుతుంది. రోడ్డు బండికి ముందు వైపు మైనస్ ఒకటి నుంచి మైనస్ ఒకటిన్నర చాలని నా అభిప్రాయం. ట్రాక్‌కి రెండున్నర, మూడు దాకా పోతారు. అది టైరు వేడిని చూసి తేల్చాల్సిన విషయం.

క్యాస్టర్ మీద నాకు కాస్త ఎక్కువ ప్రేమ. స్టీరింగ్ తిప్పినప్పుడు బయటి చక్రానికి నెగెటివ్ క్యాంబర్ ఇచ్చేది, వదలగానే చక్రాలను మధ్యకి తెచ్చేది ఇదే. క్యాంబర్‌లా నేరుగా వెళ్లేటప్పుడు టైరు లోపలి అంచుని తినదు. ఆఫ్‌సెట్ బుష్‌తో కింది ఆర్మ్‌ని ముందుకి జరిపి, లేదా ప్లేటులో స్ట్రట్‌ని వెనక్కి జరిపి ఒక డిగ్రీ పెంచితే హైవే మీద బండి గీత గీసినట్టు పోతుంది. స్టీరింగ్ కొంచెం బరువవుతుంది. ఆర్మ్ ముందుకి జరిపితే టైరు కూడా ముందుకొస్తుంది, బంపర్ లోపలి లైనర్‌కి రాసుకుంటుందేమో చూసుకోండి. రెండు వైపుల మధ్య తేడా అర డిగ్రీ దాటితే బండి క్యాస్టర్ తక్కువున్న వైపుకి లాగుతుంది.

డబుల్ విష్‌బోన్ (కిందా పైనా రెండు ఆర్మ్‌లు) ఉన్న బండ్లు, అంటే 1990ల నాటి హోండా సివిక్, మొదటి తరం మాజ్దా మియాటా లాంటివి, వేరే దారి. వాటిలో దించేకొద్దీ నెగెటివ్ క్యాంబర్ దానంతటదే పెరుగుతుంది, మనకు కావలసింది తగ్గించే వీలు. మియాటాకి కింది ఆర్మ్‌లోనే సర్దుబాటు బోల్టులున్నాయి. ఆ సివిక్‌కి ముందు వైపు ఫ్యాక్టరీ క్యాంబర్ సర్దుబాటు లేదు కాబట్టి పై ఆర్మ్ మార్చాలి. టో మీద చెప్పినదంతా వాటికీ వర్తిస్తుంది.

చివరగా అలైన్‌మెంట్. భాగాలన్నీ బిగించాక కొన్ని వందల కిలోమీటర్లు తిరగనివ్వండి. ఆలోపు టైరు పోకుండా ఇంట్లోనే దారం కట్టి టో సుమారుగా సరిచేసుకోండి. టై రాడ్ మర పిచ్ 1.5 మిల్లీమీటర్లు, స్టీరింగ్ ఆర్మ్ 130 మిల్లీమీటర్లు అనుకుంటే, ఒక పూర్తి చుట్టు ఆ చక్రాన్ని 0.6 డిగ్రీకి పైగా తిప్పుతుంది. టైరు దగ్గర దాదాపు 7 మిల్లీమీటర్లు. కాబట్టి ఎనిమిదో వంతు చుట్టు కూడా లెక్కలోకే వస్తుంది. స్టీరింగ్ మధ్యలో ఉండాలంటే రెండు వైపులా సమంగా తిప్పండి.

సెంటర్‌కి వెళ్లినప్పుడు వరస తప్పనివ్వకండి. టైరు గాలి, సగం ట్యాంకు, సీట్లో మీ బరువు. ఎత్తును చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచుకి కొలవండి, నేల నుంచి వద్దు, టైరు అరుగుదల లెక్కలోకి వచ్చేస్తుంది. మొదట వెనక చక్రాల టో, తర్వాత ముందు చక్రాల క్యాస్టర్, తర్వాత క్యాంబర్, అన్నిటికంటే చివర టో. క్యాంబర్ కదిపితే టో కదులుతుంది కాబట్టి ఈ వరస. ముందు చక్రాల టో సున్నా దగ్గర, లేదా అతి కొద్దిగా లోపలికి పెట్టించండి. స్టెబిలిటీ కంట్రోల్ ఉన్న బండికి స్టీరింగ్ యాంగిల్ సెన్సర్ రీసెట్ అవసరమేమో అడగండి. అద్దం వెనక కెమెరా, బంపర్‌లో రాడార్ ఉంటే, ఎత్తు మారింది కాబట్టి వాటి క్యాలిబ్రేషన్ కూడా. హెడ్‌లైట్ వాలు అయితే మీరే గోడ మీద చూసి సరిచేయవచ్చు.

ఈ బండికి నా సలహా, బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు జతగా, చీలిన బుష్‌లు కొత్తవి, లింకులు. క్యాంబర్ ప్లేట్లు ఇప్పుడే వద్దు. అన్నీ బిగించాక ప్రతి నట్ మీద నుంచి పక్క లోహం మీదికి తెల్ల పెయింట్ మార్కర్‌తో ఒక గీత గీయండి. మొదటి 200 కిలోమీటర్ల తర్వాత టార్చి పట్టుకుని చూడండి. గీత రెండు ముక్కలైతే ఆ బోల్ట్ తిరిగినట్టే. బండి అక్కడే ఆపి, మళ్లీ టార్క్ చేసి, టో మళ్లీ కొలిపించాకే రోడ్డెక్కండి. వెనక చక్రాల గురించి వచ్చే వీడియోలో.